ఓబులమ్మ వాంగ్మూలం

పీణ్యా రెండో స్టేజిలో
దారపు కండెల గోడౌను మీద మా ఆఫీసు.
కింద కుట్టుమిషన్లు ఆగితేగాని
పైన మా మాట మాకు వినపడదు.

ఇక్కడికి సూది దిగిన వేళ్ళొస్తాయి,
ఆగిపోయిన పీఎఫ్‌లొస్తాయి,
టిఫిన్ సంచిలో నాలుగు మడతలు పడ్డ గేట్‌పాసులొస్తాయి.
నేను వాటిని డేటాబేసులోకి తోస్తుంటాను,
బొమ్మయితే బ్లాబ్‌లోకి, మాటయితే పక్క కాలమ్‌లోకి.

"బ్లాబా? మా నాయన పేరు ఓబులు" అని నవ్వింది ఓబులమ్మ,
మడకశిర పక్క మనిషి,
చూపుడువేలికి కట్టుతో, మొదటిరోజు.

ఎక్స్‌రే ఎక్కిస్తూ చూపించాను.
ఇంత పెద్దది ఒక్కసారిగా మింగదమ్మా ఇది,
ముందు వరసలో ఒక ఖాళీ గిన్నె పెట్టాలి,
గిన్నె ఎక్కడుందో ఒక చీటీ చేతికిస్తుంది,
ఆ చీటీ పట్టుకుని కొంచెం కొంచెంగా వంచాలి,
అంతా అయ్యాక కమిట్ అనాలి.
అనకపోతే?
అనకపోతే ఏమీ జరగనట్టే.
"మా సూపర్‌వైజరు గూడా అట్లే అంటాడు" అంది.

మూడేళ్ళకు కేసు విచారణకొచ్చింది.
వకీలు పంకజాక్షి ఫోన్ చేసింది, మిగతా పేజీలేవీ అని.

తెరిచి చూస్తే,
"నైట్ షిఫ్టులో లైను ఆపొద్దని అరిచి నా చె"
ఆ తర్వాత నల్ల వజ్రంలో ఒక తెల్ల ప్రశ్నార్థకం.
అంతే.
చెయ్యా, చెంపా, చెవా?

ఇంగ్లీషులో టైపు చేసిన ఫిర్యాదులు
ఆఖరి ఫుల్‌స్టాపుదాకా భద్రం.
వాళ్ళ అక్షరానికి ఒక్క బైటు చాలు.
మనది వామనుడి సంతతి,
ప్రతి అక్షరం మూడేసి అడుగులడుగుతుంది.
గుడికి మూడు, సున్నాకు మూడు,
ఒత్తయితే ఆరు.
నాలుగు వేల అడుగుల జాగాలో
ఓబులమ్మ మాట
పదమూడొందల చిల్లర దగ్గర తెగింది.

ఎవడీ కోత పెట్టిందని స్క్రిప్టు పైకి జరిపాను.
ఎర్రర్ రాకుండా నాలుగు వేల దగ్గర కత్తిరించే లైను.
పక్కన కామెంటు: తాత్కాలికం, తర్వాత చూడాలి.
తేదీ, ఆయుధపూజకు
మానిటర్లకు కుంకుమబొట్లు పెట్టిన రోజు.
పేరు నాదే.

సరిగ్గా నాలుగు వేల దగ్గర నిలబడ్డ వాంగ్మూలాలు లెక్కపెట్టాను.
రెండొందల ఆరు.
మళ్ళీ లెక్కపెట్టాను.

ఎక్స్‌రే మాత్రం చెక్కుచెదరలేదు.
వేలి ఎముక పక్కన విరిగిన సూదిమొన
బియ్యపు నూకంత తెల్లగా, ఉన్నదున్నట్టు.
దాన్ని చదువుదామని ఎవరూ అనుకోలేదు,
అట్లా బతికిపోయింది.
అక్షరమని తెలిసి పట్టుకున్నదే
చేతిలో విరిగింది.

రాత్రంతా కూర్చుని కాలమ్ మార్చాను.
ఇప్పుడు భారతమంతా పోసినా పడుతుంది.
పెద్ద విస్తరే వేశాను,
పంక్తి లేచిపోయాక.

ఆదివారం ఓబులమ్మ వచ్చింది.
వేలు మానింది, కొసన కొంచెం వంకర.
"మళ్ళా చెప్పల్లా?"
ఇంకేం అనలేదు కాసేపు. కొంగుతో కుర్చీ తుడుచుకుంది.
"అప్పుడు ఏడుస్తా చెప్పినా మేడం.
ఇప్పుడు ఏడుపు రాదు. నడుస్తాదా?"

నడుస్తుందన్నాను.
ఎంత పొడుగైనా చెప్పమన్నాను, ఆ మాట
నాకే సిగ్గనిపించింది.

సూదితో మొదలుపెట్టలేదు.
హిందూపురం ప్యాసింజర్లో
కిటికీ పక్క సీటుకోసం ఎవరితోనో తగువాడిన దగ్గర మొదలుపెట్టింది.
ఆ రోజు కొన్న సపోటాలు ఎన్నో, అందులో కుళ్ళినవెన్నో.
రూములో ఆరుగురు, రెండు చాపలు.
మొదటి జీతంలో కొన్న గడియారం ఎప్పుడూ
పది నిమిషాలు ముందే.

కరెంటు పోయింది. కింద మిషన్లు ఆగాయి.
అలవాటుగా అరుస్తున్న మేమిద్దరం
ఒక్కసారిగా గొంతు తగ్గించాం.
ల్యాప్‌టాప్‌లో నలభై శాతం ఉంది.

టైపు చేస్తున్నాను.
నాలుగు వేలు ఎప్పుడో దాటింది.
ఆ "చె" ఇంకా రాలేదు.