ఏడో నంబరు సీసా

గంగులప్ప చనిపోయి పదకొండు నెలలు.
ముప్పయ్యేడు డిగ్రీల వెచ్చదనంలో
ఆయన తలలోని గడ్డ మాత్రం
ఇంకా రెండింతలవుతూనే ఉంది.

రోజు విడిచి రోజు నేనే మేత పెడతాను.
గులాబీ రంగు నీళ్ళు. పచ్చబడితే
ఆకలేస్తోందని గుర్తు.
సీసా మీద పేరు రాయకూడదు. ఏడు అని రాశాం.
పేరు, ఆయన భార్య వెతుక్కుంటూ వచ్చి చెప్పింది.

చిత్తూరు బెల్లం మండీ నుంచి లారీ తోలేవాడట.
మొదట పోయింది మాట.
బెల్లాన్ని ఉప్పన్నాడు, క్లీనరు నవ్వాడు.
తర్వాత పెళ్ళాన్ని "రోడ్డూ" అని పిలిచాడు.
ఆమె పలికింది.
ఆపరేషను కాగితం మీద
"గంగు" దాకా వచ్చి ఆగిన సంతకం.

నిన్న రాత్రి ఇరవయ్యారో మందు వేశాను.
దానికింకా పేరు లేదు,
పురిట్లో బిడ్డకు లేనట్టే.
పొద్దున మైక్రోస్కోపు కింద
చేతులు చాచి గిన్నెను కరుచుకున్నవన్నీ
ముడుచుకుని, గుండ్రంగా, వడగళ్ళలా
అడుగు వదిలి తేలుతున్నాయి.

గంతెయ్యాలి కదా.
దేశికాచారి సారు లెక్క చూసి కళ్ళజోడు తీశారు.
"గిన్నెలో అయితే ఉప్పునీళ్ళూ చంపుతాయి, మెహతాబ్.
మెదడు గుమ్మం మన అలిపిరి చెక్‌పోస్టు.
ప్రతి సంచీ విప్పించి చూస్తుంది.
నీ మందును అక్కడే దింపేస్తే
కొండ మీద గొడవ దానికేం తెలుసు?"
ఇంకో ఏడాది, ఎలుకల దగ్గర.

మధ్యాహ్నం చెంగమ్మ ఫోను.
నెలకోసారి, పింఛను తీసుకున్న రోజు.
"ఏమ్మా, మా ఆయప్ప ఎట్లుండాడు?"
ఉండాడు అనే అంటుంది. నేనూ దిద్దను.
మందు పనిచేసిందన్నాను.
గిన్నెలో మాత్రమే అనీ అన్నాను.
కాసేపు ఆటోల చప్పుడు.
"అంటే, సచ్చిపోయినాడా?"
సగం.
"నొప్పి పుట్టిందా?"
నొప్పి తెలిసే నరాలు లేవమ్మా దానికి, అన్నాను.
చదువుకున్న జవాబు.
ఆమె గట్టిగా ముక్కు చీదింది.
"గడ్డ నాకు మొగుడా ఏంది?
సంపు తల్లీ. బాగా సంపు."
ఫోను పెట్టేసిందనుకున్నాను.
"ఒగ సీసా మాత్రం ఉండనీ."

ఉంచుతాం ఎలాగూ.
మందు తగలనిది ఒకటి పక్కన లేకపోతే
ఏది చచ్చిందో, ఎంత చచ్చిందో
లెక్క తేలదు.
ఆ మాట ఆమెకు చెప్పలేదు.

సాయంత్రానికి ఏడో నంబరు పచ్చబడింది.
మేత పెట్టి తలుపు మూశాను.