గాలి మీద నెపం

విల్యా రెహీనాలో, శీతల గిడ్డంగి ముందు
పన్నెండు వందల పెట్టెల ఆపిల్ పళ్ళు ఎక్కించి
బిల్లు నా చేతిలో పెడుతూ
బల్దొమెరో ఎప్పటి మాటే అంటాడు:
"ఒదీలియా, దారిలో దిక్కులు చూడకు."

దిక్కులు చూడకుండా
దక్షిణానికి ఎలా పోవాలో
ఇరవై ఆరేళ్ళుగా అతను చెప్పలేదు,
నేను అడగలేదు.

మూడో నంబరు రోడ్డు.
కుడిపక్క ఏమీ లేదు.
ఎడమపక్క అక్కడక్కడా సముద్రం,
మిగతాచోట్ల ఏమీ లేదు.
కొత్త కుర్రాళ్ళు ఈ ఏమీలేనితనానికి జడిసి
రేడియో పెంచుతారు.
నేను అద్దం దించుతాను.
ఆ ఏమీ లేనిదానిలో ఎన్ని రంగులని!
బూడిద, దాని పక్కన ఇంకో బూడిద,
తడిసి ఆరిన గోనె రంగు,
ఉన్నట్టుండి ముళ్ళపొదలోంచి గ్వానాకో ఒకటి
మెడ ఎత్తి, అప్పిచ్చినవాడిలా
నన్నూ బండినీ ఎగాదిగా చూస్తుంది.

దప్పికతో పోయిన తల్లికి కట్టిన
మోకాలెత్తు గుడి దగ్గర
లారీవాళ్ళందరం నీళ్ళ సీసాలు పెట్టిపోతాం.
ఈసారి నా సీసా మూత
కాస్త వదులు చేసి పెట్టాను.
పోయినవాళ్ళ వేళ్ళల్లో
పట్టు ఉంటుందో ఉండదో.

మద్రిన్ ఊరికి ముందే కంకరదారి పట్టాను.
పెద్ద బండ్లు రాకూడదని బోర్డుంది.
బోర్డు వంగిపోయి ఉంది, నేలకి చెబుతోంది కాబోలు.
సెప్టెంబరు. పోటు మీదున్న నీళ్ళు.
రాయి విసిరితే తగిలేంత దగ్గర్లో
ఒక తల్లి తిమింగలం, పక్కన బిడ్డ.
ఇంజను ఆపి, బ్రేకు గాలి వదిలాను:
"ష్ష్ష్..."
నీళ్ళలోంచి, అచ్చం అదే స్వరంతో,
"ష్ష్ష్..."
యాదృచ్ఛికమే అనుకోండి.
నేను ఇంకో రెండుసార్లు వదిలాను.
పిల్ల ఇటు తిరిగింది.
తల్లి, తెలియనివాళ్ళతో మాటలేంటన్నట్టు
దాన్ని అవతలివైపుకి తోసింది.

ఫోను.
"ఎక్కడున్నావ్?"
"గాలి, బల్దొమెరో. రోడ్డు మూసేశారు."
"గాలి కబుర్లు చెప్పకు."
"చెప్పేది గాలి కబురేగా!"
మాతే బుర్రలో వేణ్ణీళ్ళు పోసుకుని
గొట్టం చివర్న చేదు అయిపోయేదాకా
అక్కడే కూర్చున్నాను.

మర్నాడు, కొమొదోరోకి ఇవతల,
గాలి నా అబద్ధాన్ని పట్టుకుంది.
ఒక ఖాళీ లారీ రోడ్డుకడ్డంగా
అలిసిన ఎద్దులా ఒరిగి పడుకునుంది.
డ్రైవరుకి ఏమీ కాలేదు, దాని పక్కనే నిలబడి
టోపీ ఎటు పోయిందని వెతుక్కుంటున్నాడు.
పోలీసులు దారి మూసేశారు. నిజంగా.

ఫోను చేసి చెబితే
బల్దొమెరో పడీపడీ నవ్వాడు.
"నిన్న చెప్పిన కథే. కొత్తది లేదా?"
నేనేం మాట్లాడలేదు.
ఫోను పట్టుకుని చెయ్యి కిటికీలోంచి బయటపెట్టాను.
ఒక నిమిషంపాటు గాలే అతనితో మాట్లాడింది.
మళ్ళీ చెవి దగ్గర పెట్టుకుంటే
అవతల నిశ్శబ్దం, గిడ్డంగి మోటారు రొద.
తర్వాత మెల్లిగా, సిగ్గుపడుతున్నట్టు,
"ఎలా ఉంటుంది అక్కడ... చూట్టానికి?"

ఆ మనిషి నెగ్రో నది దాటలేదని
అప్పుడు గుర్తొచ్చింది.
ఏం చెప్పను? "ఏమీ ఉండదు" అన్నాను.
"చాలా ఉంటుంది ఆ ఏమీ."

రాత్రి పెట్రోలు బంకులో పద్నాలుగు బండ్లు.
బొలీవియా నుంచొచ్చిన ఫ్రొయిలాన్ ఉల్లిపాయలు కోశాడు,
త్రెలెవ్ ముసలాయన పుగ్ మాంసం కాల్చాడు,
బంకు పిల్ల ఉప్పు తెచ్చింది.
నేను దేవుడి మీద భారం వేసి
సరుకులోంచి ఒక పెట్టె తెరిచాను.
పొద్దున్న మా కాళ్ళ దగ్గర
గింజలున్న మొండేలు, ఎర్రటి తొక్కలు.
తొక్కలన్నీ తూర్పుకి ఎగిరిపోయాయి.

రియో గయెగోస్‌లో లెక్కపెట్టి
"ఒకటి తక్కువుంది" అన్నారు.
"గాలి" అన్నాను.
ఆ ఊళ్ళో ఆ మాటకి ఎదురు లేదు,
తల ఎత్తకుండా సంతకం పెట్టారు.

తిరుగుదారిలో ఖాళీ బండి తేలిక,
ఊగుతుంది, వాగుతుంది.
చిన్న గుడి దగ్గర ఆపాను.
నా సీసా అక్కడే ఉంది.
సగం అయిపోయింది.

ఎండకి అయ్యుంటుంది.
గాలికి అయ్యుంటుంది.
నింపి, మూత ఇంకొంచెం వదులు చేశాను.