త్రాసు ఆరుతోంది

ముప్పై రెండేళ్ళు మందుల కొట్లో పొడులు తూచాను.
కుటైసి ఊళ్ళో ఎవరి దగ్గుకి ఎంత, ఎవరి నిద్రకి ఎంత
పొట్లం అరచేతిలో పెడితే చెప్పగలను.
ఉద్యోగం మానేసిన రోజు వాళ్ళు పూలగుత్తి ఇవ్వబోయారు,
నేను ఇత్తడి త్రాసు అడిగి తెచ్చుకున్నాను.
అప్పట్నించీ వంటింట్లో అదే నాకు అత్తగారు.

"చిటికెడు" అని రాసిన వంటల పుస్తకం చూస్తే ఒళ్ళు మంట.
ఎవరి చిటికెడు?
పక్కింటి నజీబ్రోలాదా?
ఆవిడ రెండు వేళ్ళ మధ్య పిచ్చుక గూడు కట్టుకోవచ్చు.

సోమవారం కొరియా వాళ్ళ క్యాబేజీ ఊరగాయ.
అర్ధరాత్రి మూత ఎగిరి దీపం పగిలింది.
గురువారం ఇటలీ అన్నం. కలుపుతూనే ఉండాలిట.
కలుపుతూ కలుపుతూ టీవీలో సీరియల్ అయింది,
వార్తలయ్యాయి, రేపటి వాన కబురూ అయింది.
ఒతారీ పళ్ళెంలోకి చూసి నెమ్మదిగా అడిగాడు:
"ఇది ఇంకా ఉడకలేదా, ఉడికి చాలాసేపైందా?"

పాపం, ఆయనకి కావలసిందల్లా
మట్టి మూకుట్లో చిక్కుడు గింజలు, పక్కన మొక్కజొన్న రొట్టె.
అయినా ఏది పెట్టినా తింటాడు.
తిన్నాక అలమర దగ్గర నిలబడి రొట్టె ముక్క చింపుకుంటాడు.
నేను చూడనట్టే గిన్నెలు తోముతాను.

నెలకో శనివారం మాత్రం పింఛను జేబులో పెట్టుకుని బయట భోజనం.
ఈసారి రియోని వంతెన అవతల, కొత్త హోటల్లో, థాయ్ సూపు.
కొబ్బరిపాలట! మా వైపు కొబ్బరంటే
కేకు మీద రాలే తెల్లపొట్టు, అంతే.
మొదటి చెంచా నాలుక మీద ఆగింది,
రెండోది గొంతులో,
మూడోది ఎక్కడో చెవుల వెనక.
అందులో ఏదో ఉంది, పేరు తెలియని వాసన.
మూడొందల సొరుగుల వాసన తెలిసినదాన్ని,
నాకు తెలియనిది!
ఒక ఆకు తీసి రుమాల్లో చుట్టాను.
బల్ల కింద ఒతారీ నా కాలు తొక్కాడు.

బజారులో ఆకుకూరల సియూరి ముక్కు దగ్గర పెట్టుకుంది:
"నిమ్మాకే. కానీ మన నిమ్మ కాదు,
నిమ్మకి పెద్దమ్మ కూతురు."

మొదటిసారి చేదు. రెండోసారి పాలు విరిగాయి.
మూడోసారి కొత్త సబ్బు.
ప్రతిదీ తూచాను, గ్రాములతో సహా రాసుకున్నాను,
తప్పులు కూడా చక్కటి దస్తూరీలో.
నాలుగోసారి పొయ్యి మీద మరుగుతుండగా చూస్తే
ఇంట్లో నిమ్మకాయల్లేవు. బయట కుండపోత.
చేతికందింది ట్కెమాలి సీసా,
పోయిన వేసవిలో పట్టిన పచ్చి ఆల్‌బుఖారా పచ్చడి.
వంచాను.

మర్నాడు సూపు జాడీలో పోసుకుని
హోటలు వెనక తలుపు తట్టాను.
వంటవాడు బెసో, మోచేతి దాకా కాలిన మచ్చలు,
ఓడల మీద తిరుగుతూ నేర్చుకున్నాట్ట ఈ వంట.
గరిటెతో రుచి చూశాడు. "ఉప్పు తక్కువ."
మళ్ళీ చూశాడు.
మూడోసారి గరిటె పక్కన పెట్టి జాడీయే ఎత్తాడు.
"అమ్మా, ట్కెమాలి ఇందులోకెలా వచ్చింది?"
"వాన పడింది" అన్నాను.
"ఎంత పోశారు?"

నోరు తెరిచాను.
జీవితమంతా కౌంటరు మీంచి జవాబు చెప్పిన ప్రశ్న.
ఏమీ రాలేదు.
చెయ్యి గాల్లో వంచి చూపించాను: "ఇలా."
అతనూ వంచాడు: "ఇలాగా?"
"ఊహూ, ఇంకాస్త... ఆఁ, చాలు."

ఆ సాయంత్రం చిక్కుడు గింజలు వండాను.
ఒతారీ కూర్చునే తిన్నాడు, రెండు పళ్ళేలు.
గూట్లోకి చూసి ఉలిక్కిపడ్డాడు:
"త్రాసేదీ? పోయిందా?"
కిటికీ వైపు చూపించాను.
"కడిగాను. ఆరుతోంది."