చప్పన కాదు, ఉప్పన కాదు

గుణుపురం బస్టాండు వెనక
ఎరువుల కొట్టు మేడ మీద నా ట్యూషను.
మెట్లెక్కేసరికే యూరియా వాసన.
బోర్డు మీద నా పేరు ఒడియాలో ఒకసారి, తెలుగులో ఒకసారి,
రెండింట్లోనూ తప్పే.
పెయింటరు ఒక్కడే మరి.

రోజుకి ఐదు విశేషణాలు.
పరీక్షలో వస్తాయని కాదు, వస్తే వదలకూడదని.
పిల్లల చేత నిలువు గీతలు కొట్టిస్తాను:
ఇంగ్లీషు, ఒడియా, తెలుగు.
నాలుగో గడి బుధారి సబర తనే గీసుకుంది
పెన్సిలుతో, స్కేలు లేకుండా.

టాసిటర్న్ అన్నాను. మితభాషి అని రాయించాను.
తవిటినాయుడు తలెత్తేడు.
'అంటే మా మావ సార్. ఉలకడు, పలకడు.
గేదె సచ్చిపోయిన్నాడు కూడా బీడీయే కాల్చేడు.'
మితభాషిని కొట్టేసి మావని రాసుకున్నాడు.
నేను దిద్దలేదు.
నా నిఘంటువులో అంత మంచి అర్థం లేదు.

క్వెరులస్ దగ్గర నిరుపమా పాఢీ
వాళ్ళ పెద్దత్త గురించి అరగంట చెప్పింది.
సణుగుడంతా ఒడియాలో,
మధ్యమధ్య మనకోసం తెలుగులో ముక్కు చీదుతూ.

గిబస్ అంటే, చందమామ
సగం దాటి, నిండడానికి ఇంకా మిగిలి,
వీపు ఉబ్బినట్టుండే రోజులు.
'దానికో మాటా!' అని అందరూ నవ్వేరు.
బుధారి నవ్వలేదు. తన గడి అప్పటికే నిండిపోయింది.
వాళ్ళ కొండ మీద కరెంటు మొన్న వచ్చింది,
అంతకు ముందు చీకట్లో దారి చూపింది ఆ వీపే కదా.
ఏం రాశావంటే పలికింది.
గొంతులో ఎక్కడో తలుపు గడియ పడ్డట్టు
ఒక చిన్న ఆగుడు.
ఆ ఆగుడు రాయడానికి
నా యాభయ్యారులో అక్షరం దొరకలేదు.

శ్రావణంలో ఒక గురువారం,
కిటికీ అవతల వంశధార ఎర్రగా పోతుంటే,
బ్రాకిష్ వచ్చింది.
ఏరు వెళ్ళి సముద్రంలో పడే చోట
కయ్యలో నీళ్ళుంటాయే, అలాటివి.
చప్పన కాదు, ఉప్పన కాదు.
సముద్రం చూసినవాళ్ళు చేతులెత్తండంటే
ఒక్క చెయ్యీ లేవలేదు.
బుధారి అడిగింది:
'మనుషులకి వాడొచ్చా సార్?'
వాడకూడదు, నీళ్ళకే, అన్నాను.
మాస్టర్లు అలాగే అంటారు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు.
పాలకొండలో మా మేనత్త కూతురి పెళ్ళికెళితే
నేను వడ్డించమన్న తీరుకే పంక్తంతా నవ్వింది,
'ఒడియా బావ' అని.
భువనేశ్వర్లో ఉద్యోగానికెళితే
రెండో మాటకే పట్టేసేడు పెద్దమనిషి,
'తెలుగువాళ్ళా?' అని, కుర్చీ కొంచెం వెనక్కి జరిపి.
లెక్కలు ఒడియాలో వేస్తాను.
తిట్టడం తెలుగులో.
జ్వరమొస్తే ఏ భాషలో కలవరిస్తానో
మా ఆవిడకి తెలుసు, చెప్పదు.

మర్నాడు హాజరు పిలవకుండానే
'వాడొచ్చు' అన్నాను.
ఏది వాడొచ్చో ఎవరికీ గుర్తు లేదు.
బుధారి మాత్రం
సంచిలో రబ్బరు కోసం వెతుక్కుంది.

పరీక్షలో హేపీకి వ్యతిరేకం అడిగేడు.
అంతే. మూడు వందల అరవై మాటలు
మూటలోనే ఉండిపోయేయి.
తవిటినాయుడు కంగారులో పక్క గడి నింపేసి,
ఇప్పుడు కింద కొట్లోనే బస్తాల లెక్క రాస్తున్నాడు.
ఓనరు గురించి అడిగితే
మెట్ల కిందనుంచి అరుస్తాడు: 'క్వెరులస్, సార్!'

బుధారికి శ్రీకాకుళంలో నర్సింగు సీటొచ్చింది.
మొన్న ఆదివారం ఫోన్లో ఒక సందేశం, తెలుగులోనే,
రెండు దీర్ఘాలు తప్పు:

'కళింగపట్నం ఎళ్ళాం సార్.
ఏరు కలిసే కాడ దోసిలి పట్టి తాగి చూసేను.
ఉమ్మేసేంత ఏం కాదు.'