తీగ కలిపేదాన్ని

అరవై రెండు జూలైలో గోధుమ మోకాలెత్తుకి కూడా రాలేదు.
సస్కాచువాన్ అంతటా అప్పుడు ఒకటే వాదం.
మా బ్రిండెల్ ఊరి వంతు వాదం
నా చెవుల్లోంచే పోయింది.
టెలిఫోన్ ఎక్స్ఛేంజి అంటే ఏముంది,
మా వంటింటి పక్క గది,
నలభై రెండు రంధ్రాల చెక్క బల్ల,
నేను.

వినకూడదని చేరేటప్పుడే ప్రమాణం చేయించారు.
కానీ తీగ కలిసిందో లేదో తెలియాలంటే
కాసేపు వినాలి కదా.
ఆ నెలంతా నా కాసేపు సాగుతూనే ఉంది.

ఒకటో తారీఖు పొద్దున డాక్టర్ లాథమ్ తలుపుకి
టైపు కొట్టిన కాగితం:
ప్రభుత్వ పథకం కింద వైద్యం చేయలేను, మన్నించండి.
కింద ఎవరో పెన్సిలుతో రాశారు:
మరి నా మోకాలు?

పదిహేడో నంబరు, ధాన్యం గిడ్డంగి ఏక్లుండ్:
"రేపు మన కడుపు కొయ్యాలన్నా
రెజైనా నుంచి పర్మిట్ రావాలి, చూస్తూ ఉండు."
ఆరో నంబరు, పరాస్కా హ్రినీవ్:
"కోయించుకున్నదాన్నయ్యా నేను, ముప్పై ఏడులో.
పర్మిట్ ఎవరూ అడగలేదు.
ఆవుని అడిగారు."

డాక్టర్ గారి భార్య టొరంటోలో అక్కతో ఏడ్చింది.
"పదహారేళ్లు మంచులో పడి తిరిగాడే,
కోళ్లు ఇస్తే కోళ్లు, కట్టెలిస్తే కట్టెలు,
ఒకసారి తీగ తెగిన ఫిడేలు కూడా తీసుకున్నాడే,
ఇప్పుడు దొంగని చేశారు."
ఆమె అబద్ధమాడలేదు.
మా చెల్లి గొంతు మూసుకుపోయి
నీలంగా తిరిగిన రాత్రి
గొట్టం పెట్టి ఊపిరి తెచ్చింది ఆయనే.
బిల్లు పంపలేదు.
ఆ తర్వాత మా నాన్న, ఆయన ఎదురొస్తే
రోడ్డు దాటి అవతలికి పోయేవాడు.
అప్పయితే ఎప్పటికో తీరుతుంది.
దయ ఎలా తీర్చాలో మా నాన్నకి తెలియలేదు.

పదకొండో రాత్రి
ముప్పై నాలుగో దీపం వెలిగింది.
యాకబ్ ఎన్స్. మాటలు జర్మనులోకి జారిపోతున్నాయి.
గడ్డి మోపుల యంత్రం. కొడుకు డీట్రిక్. చెయ్యి.
తెరిచి ఉన్న ఆసుపత్రి తొంభై మైళ్లు.
డాక్టర్ గారింటికి కలపొద్దని
నాకు గట్టిగా చెప్పి ఉంచారు.
కలిపాను.

మొదటి గంట పూర్తిగా మోగనే లేదు.
"ఎంత లోతు? వేళ్లు కదులుతున్నాయా?
కట్టు విప్పకు, వస్తున్నా."
కిటికీలోంచి చూశాను.
ఆయన కారు దీపాలార్పుకుని
దొంగలా ఊరు దాటింది.

తెల్లారుజామున ఆయన గొంతు, ఇసుక నమిలినట్టు:
"ఎటెల్కా, రాత్రి నేనెక్కడికీ వెళ్లలేదు."
"తెలుసు డాక్టర్ గారూ."
"పిల్లాడి బొటనవేలు నిలుస్తుంది."
"మంచిది డాక్టర్ గారూ."

ఆదివారం సహకార సంఘం హాల్లో సభ.
ఉక్కపోత, ఏడ్చే పిల్లలు, కాగితాల విసనకర్రలు.
డాక్టర్ గారు లేచి చెప్పారు:
"నాకూ నా రోగికీ మధ్య
ఇంకెవరి చెయ్యీ ఉండకూడదు."
చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను.
పరాస్కా కొట్టలేదు.
"మధ్యలో ఎప్పుడూ ఉందయ్యా ఒక చెయ్యి,
ఖాళీది, నాది," అంది.
దానికి చప్పట్లు లేవు, ఎవరో దగ్గారు.

పథకం కావాలన్నవాళ్లు చేతులెత్తండి అన్నారు.
వెనక వరసలో యాకబ్ ఎన్స్
టోపీ ఒళ్లో పెట్టుకుని
చాలాసేపు దాని అంచు తిప్పాడు.
తర్వాత ఎత్తాడు.
కొడుకు చేతిని కుట్టినాయన చూస్తుండగానే ఎత్తాడు.
డాక్టర్ గారు అటే చూశారు,
లెక్క సరిపోయిందన్నట్టో, తప్పిందన్నట్టో
తల కొంచెం ఊపారు.
నేను లెక్కపెట్టే బల్ల దగ్గర ఉన్నాను,
నా చెయ్యి ఎత్తానో లేదో ఎవరూ అడగలేదు.

ఇరవై మూడు రోజులకి రాజీ కుదిరింది.
తలుపు మీది కాగితం ఊడింది,
జిగురు మరక మిగిలింది.
పదిహేడో నంబరు ఇప్పటికీ ఒప్పుకోలేదు,
పన్నులు చూశావా అంటాడు,
చూశానంటాను, తీగ కలుపుతాను.

సెప్టెంబరులో ఒకరోజు పోస్టాఫీసు ముందు
మా నాన్నా డాక్టర్ లాథమూ ఎదురుపడ్డారు.
మా నాన్న రోడ్డు దాటలేదు.
"వాన ముందే పడి ఉంటే బాగుండేది," అన్నాడు.
"అవును, జూన్‌లో," అన్నారాయన.
ఇద్దరూ కాసేపు
ఆకాశం కేసి చూస్తూ నిలబడ్డారు.