పిలకల లెక్క

లంకలో పదిహేను సెంట్లు కౌలు.
మూడు వేల స్ట్రాబెర్రీ మొక్కలు, ఒక్కోటి పన్నెండు,
చలికొండల నుంచి ఐసు పెట్టెల్లో దిగాయి.
ముప్పై ఆరు వేలు.
రాసింది మా మావుళ్ళు,
పిల్లదాని లెక్కల నోటుబుక్కు చివరి పేజీలో,
త్రికోణాల పక్కన.

కింద నల్ల కవరు. పాత డ్రిప్పు పైపులు,
చిల్లులకి సైకిలు ట్యూబు ముక్కలు.
డబ్బా, ఖాళీదే, నాలుగు రూపాయలు.
పండుకన్నా ముందు పెట్టె కొనాలని
అరటి వేసుకునేవాళ్ళకి ఎవరు చెబుతారు?
గెల తన చొక్కా తనే తొడుక్కుని వస్తుంది.

పుష్యమాసం పొగమంచు మా పక్షాన నిలిచింది.
తెల్లారి నాలుగింటికి ఫోను లైటు పళ్ళతో కరిచి పట్టుకుని
నేనూ తోడికోడలు సుభద్రా కోసేవాళ్ళం,
నిద్రపోయే పిల్ల చెవికి కమ్మ తీసినట్టు.
రాజమండ్రి బేకరీ షణ్ముఖరావు
మూత తీయకుండానే తిరగేసి చూసేవాడు.
"అడుగున మెత్తబడిందమ్మా. ముప్పై ఐదు."
ఒక్క పండుని నిలువునా చీరి
నాలుగు కేకుల మీద పెట్టడం అద్దంలోంచి చూశాను.
నేను బడి మానేసింది ఐదులో.
అయినా ఆ భాగహారం నాకొచ్చు.

శివరాత్రికి చలి శివశివా అని పోయింది,
పండూ దాని వెనకే.
తొమ్మిది వందల డబ్బాలు. ముప్పై ఒక వెయ్యీ ఐదొందలు.
నా కూలి ఏ పేజీలోనూ లేదు.

పీకేద్దామని వంగితే
కాపు మానిన మొక్క తీగలు చాచి
నల్ల కవరు మీద మట్టి కోసం తడుముకుంటోంది,
కణుపుకో పిలక.
ఒండ్రు నింపిన కుండీల్లో ఒక్కోదాన్నీ ఆనించి
కొబ్బరి నీడన ఎండాకాలం దాటించాం.

మార్గశిరంలో కడియపులంక రోడ్డు మీద కార్లు ఆగాయి.
కుండీ అరవై. పండున్నదైతే ఎనభై.
"బాల్కనీలో కాస్తుందా?"
"నీళ్ళు పొయ్యండి, మధ్యాహ్నం ఎండ తగలనీకండి."
అబద్ధం కాదు. పూర్తిగా నిజమూ కాదు.
పండు అమ్మి మునిగినవాళ్ళం
కాస్తుందన్న మాట అమ్మి తేలాం.

నిన్న ఎవరో ఫోను: "ఆకులు మాడిపోయాయండి."
"వేరు బతికుందేమో చూడండి," అన్నాను.
చేతిలో ఒక కుండీ. దాని పండుని
పిట్ట ఒక పక్క పొడిచేసింది,
ఇంక ఎనభైకి పోదు.
మిగిలిన పక్క నేను కొరికాను,
మొదటిసారి.
పది రూపాయల పులుపు.
మిగతా పదీ పిట్ట ఖాతా.