ముప్పై ఒకటో దరఖాస్తు

మా కౌన్సిల్ దగ్గర తొమ్మిది వేల పౌండ్లున్నాయి.
అడిగేవాళ్లు నలభై ముగ్గురు.
సమానంగా పంచితే తలా రెండొందల తొమ్మిది.
దాంతో పొయ్యి రాదు,
పొయ్యి తలుపుకి పిడి వస్తుంది.

ముప్పై నాలుగేళ్లు బస్సు నడిపినవాడికి
ఊరి సంగతి తెలిసే ఉంటుందని
నన్ను కూడా కమిటీలో కూర్చోబెట్టారు.

రాత్రి వంటింటి బల్ల మీద కాగితాలు పరిచాను.
బయట వాన. ఈ స్లేటు కొండల కింద
వాన రావడం వార్త కాదు, ఆగడం వార్త.

టెగ్విన్ బేకరీకి పొయ్యి కావాలి.
మిగిలిన రొట్టెలు ఐదు దాటాక
వెనక తలుపు దగ్గర పెడతానని మాత్రం రాయలేదు.
రాయడం అతనికి సిగ్గు,
తీసుకెళ్లేవాళ్లకి ఇంకా సిగ్గు.
సైకిళ్లు బాగుచేసే హ్యూ
'మీ వల్ల సమాజానికి మేలు?' అన్న గడిలో
'చెయిన్లు' అని ఒక్క మాట రాసి ఊరుకున్నాడు.
కొత్తగా వచ్చిన కాఫీ కొట్టు కుర్రాడు
పదకొండు పేజీలు నింపాడు, రంగు రంగుల పటాలతో.
చదువుతుంటే అది మా ఊరిలా లేదు,
నా బస్సు ఎప్పుడూ వెళ్లని చోటేదో.

ముప్పై ఒకటోది పెన్సిలుతో ఉంది.
నెరిస్ పారీ, లాండ్రీ, చాపెల్ వీధి.
నా ఏడో స్టాపు.
బట్టలారబెట్టే యంత్రం ఒకటి ఆగిపోయింది,
రెండు వేల నూట నలభై.
'లబ్ధిదారుల సంఖ్య' దగ్గర
ఒక అంకె వేసి, కొట్టేసి,
మరొకటి వేసి, అదీ కొట్టేసి,
చివరికి 'లెక్కపెట్టలేదు' అని రాసింది.

నేను లెక్కపెట్టగలను.
ఆదివారం బురదలో పొర్లిన పిల్లల జెర్సీలు పదిహేను.
ఇంట్లో హీటరు వేసుకోలేని రోజుల్లో
ఉతకడానికేమీ లేకపోయినా వచ్చి
ఒకే ఒక్క తువ్వాలు తిప్పుకుంటూ కూర్చునే
ముసలి ఇద్రిస్ ఒకడు.
అంత శుభ్రమైన తువ్వాలు జిల్లాలో ఇంకోటి లేదు.
మార్చి నుంచి జూన్ దాకా
నా భార్య దుప్పట్లు, రోజుకు రెండు జతలు.
తెల్లారేసరికి గుమ్మంలో సంచీ,
అప్పుడే దించిన రొట్టెలా వెచ్చగా.
డబ్బివ్వబోతే
'బస్సులో నన్నెన్నిసార్లు టికెట్ లేకుండా ఎక్కించుకున్నావో
మర్చిపోయావా' అంది.
ఒక్కసారి కూడా ఎక్కించుకోలేదు.
ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

నా కాగితంలోనూ ఒక గడి ఉంది:
'ఈ దరఖాస్తుదారుతో మీకు సంబంధముందా?'
చాలాసేపు పెన్ను పట్టుకు కూర్చున్నాను.
'ఉంది' దగ్గర టిక్కు పెట్టాను.

గురువారం ప్రొథెరో గారు కళ్లజోడు సర్దుకుని
'ముప్పై ఒకటి. ఎమ్రిస్, నియమం తెలుసుగా' అన్నారు.
లేచి వరండాలోకి వచ్చాను.
తెలిసినవాడు బయట, తెలియనివాళ్లు లోపల.
న్యాయమే కావచ్చు.
గోడ మీద పాత మేయర్లు, మెడల్లో గొలుసులతో.
తలుపు అవతల మాటలు
తడిబట్టల మూటలా బరువుగా, రూపం లేకుండా.
ఒకసారి ఎవరో నవ్వారు.
ఒకసారి 'పెన్సిలు' అని వినబడింది.
నాలుగు నిమిషాలు.
స్టాపులో నిలబడ్డవాళ్లు నాలుగు నిమిషాలకే
నన్నెందుకు తిట్టేవాళ్లో ఇప్పుడు తెలిసింది.

పిలిచారు. వెళ్లి కూర్చున్నాను.
'ముప్పై రెండు' అన్నారు ప్రొథెరో.
ఎవరి ముఖంలోనూ ఏమీ లేదు.
ఉత్తరాలు సోమవారం వెళతాయి.

దారి కాకపోయినా చాపెల్ వీధి మీదుగా నడిచాను.
అద్దాల మీద ఆవిరి.
ఆగిపోయిన యంత్రానికి అట్టముక్క వేలాడుతోంది,
దాని తలుపు మీద ఇద్రిస్ తువ్వాలు ఆరేసి ఉంది.
నెరిస్ తలెత్తి చెయ్యి ఊపింది.
నా చెయ్యి, పాత అలవాటు కొద్దీ,
తలుపు తెరిచే మీట కోసం
గాలిలో వెతికింది.